స్పూను అత్తయ్య సీసా ఇవ్వదు

మా ఊరి మందుల షాపు అత్తయ్య దగ్గర దగ్గు మందు కొనాలంటే ముందు దగ్గి చూపించాలి. ఊరికే గొంతు సవరించుకుంటే కుదరదు. "ఇంకోసారి దగ్గు" అంటుంది. పరీక్ష పాసైనా సీసా చేతికి రాదు. మన పేరు రాసి అలమరాలో పెట్టేసుకుంటుంది. పూటపూటకీ వెళ్లి నోరు తెరిస్తే ఒక స్పూను పోస్తుంది. ఆటో నడుపుకునే నాకు నలభై ఏళ్లు, ఇద్దరు పిల్లలు. అయినా పోయిన చలికాలం ఐదు రోజులు పిచ్చుక పిల్లలా నోరు తెరిచాను. ఊరంతా ఆవిడను స్పూను అత్తయ్య అంటాం, ఆవిడకు వినపడనంత దూరంలో.

మొదట్నుంచీ ఇంత చాదస్తం లేదు. రెండేళ్ల కిందట కుర్రాళ్లు దగ్గు మందు తెగ కొంటుంటే ఆవిడ నిజంగా దగ్గులే అనుకుంది. "చల్లనీళ్లు తాగి చావకండ్రా" అని తిట్టి, ప్రతి సీసా మీదా 'పూటకు ఒక స్పూను' అని గుండ్రంగా రాసిచ్చేది. ముప్పై ఏళ్లుగా మందులమ్ముతున్న మనిషికి, ఊళ్లో దగ్గేవాళ్లంతా పాతికేళ్ల లోపు మగపిల్లలే ఎందుకయ్యారో తట్టలేదు. అందరికంటే ఎక్కువ పట్టుకెళ్లింది సొంత మేనల్లుడే. "అమ్మకత్తా" అనేవాడు. తల్లి మీద ఎంత ప్రేమో అని మురిసిపోయి రెండో సీసా తనే అందించేది.

ఒక మధ్యాహ్నం వదినను పలకరించడానికి వెళ్లింది. వదిన పెరట్లో దుప్పట్లు ఉతుకుతోంది.

"దగ్గెలా ఉంది వదినా?"

"నాకు దగ్గేంటి?"

లోపలి గదిలో మేనల్లుడు ఎంత కుదిపినా లేవలేదు. మంచం కింద ఖాళీ సీసాలు, అన్నిటి మీదా ఆ గుండ్రటి అక్షరాలే. నా ఆటోలోనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారంతా "నా చేత్తోనే ఇచ్చానురా" అంటూనే ఉంది. వెనక్కి తిరిగి చూడ్డానికి నాకు భయమేసింది.

వాడు బతికాడు. నాలుగు నెలలు మత్తు మాన్పించే వైద్యం చేయించుకుని తిరిగొచ్చాడు. కానీ షాపు ముందు నుంచి నడవడం మానేసి, పొలాల చుట్టూ తిరిగి వెళ్లేవాడు. వాడు మళ్లీ ఆ మందుకు అలవాటు పడతాడేమోనని ఆవిడకు దిగులు. అడిగితే మాత్రం "నాకేం దిగులు, నీ ఆటో సంగతి చూసుకో" అనేది.

పోయిన సోమవారం వాడే వచ్చాడు. అసలు సిసలు దగ్గు, వీధి చివరికి వినపడుతోంది. వరుసలో ఉన్నవాళ్లందరం పక్కకు జరిగి దారిచ్చాం. అత్తయ్య పరీక్ష పెట్టలేదు. సీసా తీసి వాడి చేతిలో పెట్టింది.

"పట్టుకెళ్లరా. నువ్వంటే నాకు నమ్మకమే."

వాడు సీసాను బల్ల మీద పెట్టి ఆవిడ వైపు జరిపాడు.

"నా మీద నాకింకా లేదత్తా. పేరు రాసి నీ దగ్గరే ఉంచు."

నోరు తెరిచి నిలబడ్డాడు. అత్తయ్య సగం మందు వాడి చొక్కా మీదే ఒలకబోసింది. "వెధవా, కదలకుండా నిలబడు" అని కసిరి, మళ్లీ స్పూను నింపింది.