పెద్దమ్మ విగ్గు

తొంభైల్లో నేను వాషర్‌మెన్‌పేట్‌లో ఒక విగ్గుల దుకాణంలో పనిచేసేదాన్ని. కొడుక్కి సంబంధం కుదిరితే తలనీలాలిస్తానని మా పెద్దమ్మ తిరుపతి వెంకన్నకు మొక్కుకుంది. కుదిరిన మర్నాడే వెళ్లి ఇచ్చేసి వచ్చింది. పెళ్లికి ఇరవై రోజులే ఉన్నాయన్న సంగతి గుండు తడుముకున్నాకే తోచినట్టుంది. తలమీద కొంగు కప్పుకుని మాధవరం నుంచి బస్సెక్కి తిన్నగా మా దుకాణానికి వచ్చింది.

సన్నటి వలకు వెంట్రుకలు ముడివేసి చేసిన విగ్గు ఒకటి తీసి ఆమెకు పెట్టాను. నుదుటి మీద అంచు స్కేలుతో గీసినట్టుంది.

"ఇదేం మే, చట్టి బోర్లించినట్టుండాదే!" అంది.

నాకు ఒళ్లు మండింది. ఆమె పాత ఫోటో ఎదురుగా పెట్టుకుని, చిన్న పట్టకారుతో అంచున ఒక్కో వెంట్రుకా పీకుతూ వారం రోజులు కూర్చున్నాను. కణతల దగ్గర పలచన చేశాను. ఏళ్ల తరబడి బిగించి దువ్వడంతో వెడల్పైన ఆమె పాపిటను కూడా అలాగే తెచ్చాను. నాలుగు నూగు వెంట్రుకలు నుదుటి మీదికి వదిలాను.

పెళ్లిలో ఒక్కరూ కనిపెట్టలేదు. నేను పొంగిపోతూ ఉండగా వియ్యపురాలు వచ్చి, "ఏం వదినా, పెళ్లి కూడా అయితా ఉండాది, మొక్కు ఇంకా చెల్లించలేదా?" అని అడిగింది.

పెద్దమ్మకు ఎక్కడలేని రోషం వచ్చింది. "ఎవురు చెప్పింది చెల్లించలేదని?" అంటూ అందరి ముందూ విగ్గు ఊడబెరికి పైకెత్తి చూపించింది.

నా వారం రోజుల పనితనం ఆమె చేతిలో వేలాడుతోంది. దానివైపు ఎవరూ చూడలేదు. వియ్యపురాలితో సహా అందరూ ఆ గుండుకే దణ్ణం పెట్టారు.