రేడియో టీచరు

ఆ టీచరుకి తెలుగు రాదని క్లాసులో అందరికీ తెలుసు. ఆవిడ పుట్టింది తెలుగింట్లో, మెట్టింది తెలుగింట్లో, కలలో కూరగాయల బేరమాడినా తెలుగులోనే ఆడుతుంది. అయినా రాదు. ఇది ఎలా జరిగిందో తెలియాలంటే మొదటిరోజు దగ్గరికి వెళ్ళాలి.

ఇంగ్లీషు తప్ప మరో మాట చెల్లని పరాయి దేశంలో, పొద్దున పూట చిన్నపిల్లల బడి నడిచే గది అది. కింద టైర్ల దుకాణం. సాయంత్రం అయ్యేసరికి, మోకాళ్ళు గడ్డానికి తగిలే ఆ బుల్లి కుర్చీల్లోనే లారీలు నడిపేవాళ్ళు, హోటల్ గదులు తుడిచేవాళ్ళు, ఆస్పత్రి దుప్పట్లు ఉతికేవాళ్ళు సర్దుకుని కూర్చుని ఇంగ్లీషు నేర్చుకుంటారు. మొదటిరోజు పై ఆఫీసు నుంచి ఒకాయన వచ్చి వెనక వరసలో తిష్ట వేశాడు. తెలుగు ముక్క దొర్లితే ఆయనేం రాసుకుంటాడోనన్న భయంతో టీచరు గంటసేపూ ఇంగ్లీషులోనే చేతులు తిప్పి, కళ్ళు తిప్పి, బొమ్మలు గీసి చెమటలు కక్కింది. ముందు వరసలోని ఒక పెద్దావిడ పక్కమనిషితో, "చూడ్డానికి మన మనిషిలాగే ఉంది. పాపం, భాష రాదల్లే ఉంది," అంది.

వచ్చునని చెప్పబోయింది టీచరు. ఆలోపే ఆ పెద్దావిడ, ఈ భాష రాని మనిషికి ఎలాగైనా అర్థం కావాలని తంటాలు పడి, బొటనవేలు నోటి దగ్గర పెట్టుకుని, "వాటర్. వేర్?" అంది. ఆ గంటలో క్లాసు నోటినుంచి ఊడిపడిన మొదటి ఇంగ్లీషు అదే. టీచరు చెప్పబోయిన మాట మింగేసి మంచినీళ్ళ కుళాయి చూపించింది. ఆఫీసు మనిషి మళ్ళీ రాలేదు. తెలుగూ మళ్ళీ రాలేదు. ఏళ్ళు గడిచాయి.

ఆ పంతం వల్ల ఎక్కువ అవస్థ పడ్డవాడు ఆవిడ భర్త. గడియారాలు బాగుచేస్తాడు, కాబట్టి ఓపికకి లోటు లేదు. క్లాసువాళ్ళు తిరిగే వీధుల్లో ఆవిడ నోరు మెదపదు గనక బేరాలన్నీ ఆయనే ఆడాలి. ఆయనకి బేరం రాదు. ఒకరోజు వంకాయలు ఏరుతుంటే క్లాసులో అందరూ బావ అని పిలిచే లారీ డ్రైవరు ఎదురుపడ్డాడు.

"టీచర్‌గారికి తెలుగు రాదు కదండీ, మరి ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారు?" అని అడిగాడు ఆయన్ని.

"మాట్లాడుకోమండీ," అన్నాడు భర్త, వంకాయ తొడిమ పరీక్షగా చూస్తూ.

టీచరు పక్కనే నిలబడి కరెంటు స్తంభం వైపు చూసింది. మర్నాటి నుంచి క్లాసులో ఆవిడ మీద జాలి రెట్టింపయింది. "మంచిది పాపం. మొగుడితో మాటే లేదట," అని ఆమె ముందే చెప్పుకున్నారు. ఆవిడ బోర్డు మీద వారాల పేర్లు రాస్తూ ఉండిపోయింది.

రేడియో అన్న పేరు పెట్టింది మొదటిరోజు నీళ్ళడిగిన ఆ పెద్దావిడే. ఆస్పత్రి లాండ్రీలో పని, మాట పెళుసు, క్లాసంతటికీ పెద్దమ్మ. "మాట్లాడుతూనే ఉంటుంది, మనం చెప్పింది మాత్రం వినదు. రేడియో కాక ఏమిటి?" అంది. టీచరుకి ఆ పేరు బాగానే ఉందనిపించింది. ఎవరికీ చెప్పుకోలేకపోవడమే బాధ.

వినకపోవడం మాత్రం నిజం కాదు. ఆవిడ విద్యంతా చెవుల్లోనే ఉంది. "ఈవిడ రైలు తరుముతున్నట్టు చెబుతుంది," అని బావ గొణిగితే ఆ మర్నాడు పాఠం నడక తగ్గేది. "ఇంటాయన కుళాయి బాగుచేయించడు, ఏమని అడగాలో తెలిసి చావదు," అని ఎవరైనా నిట్టూరిస్తే, మర్నాడు టీచరు సంచిలోంచి ఒక పాత కుళాయి ఊడిపడేది. ఆ సంచిలో లేనిది లేదు: ఖాళీ మందు సీసాలు, బస్సు టిక్కెట్లు, ఒక చెయ్యి ఊడిన బొమ్మ, భర్త దుకాణంలోంచి ఎత్తుకొచ్చిన ముళ్ళు తిరగని గడియారం. గోడల నిండా సగం వాక్యాలు అంటించేది, మిగతా సగం వాళ్ళు నోటితో నింపుకోవాలి. నెమ్మదస్తుణ్ణి గడుసువాడి పక్కన కూర్చోబెట్టేది. ప్రశ్న వేశాక జవాబు వచ్చేదాకా కిమ్మనకుండా నిలబడేది, మధ్యలో కింద టైరు పేలినా సరే.

విద్యార్థుల అవసరాలు అడక్కుండానే ఎలా కనిపెడుతున్నారని పై ఆఫీసువాళ్ళు ఒకసారి మిగతా టీచర్లందర్నీ పిలిచి ఆవిడ చేత మాట్లాడించారు. "ముఖాలు చదవాలి," అంది ఆవిడ. అందరూ శ్రద్ధగా రాసుకున్నారు.

ఆ సోమవారం పెద్దమ్మ వస్తూనే కుర్చీలో కూలబడింది. టీచరు రెండడుగుల దూరంలో బల్ల తుడుస్తోంది.

"గురువారం కంటి ఆపరేషనంట," అంది పెద్దమ్మ బావతో, అవసరమైనదానికంటే గట్టిగా. "నాకు మసకగా ఉండేది ఎడమ కన్ను. వాళ్ళేమో అస్తమానం కుడి కంట్లోనే లైటేసి చూశారు. ఒక్కో కన్నూ ముట్టుకుని ఏదో అడిగారు. రెండింటికీ యెస్ అన్నాను."

"అర్థం కాకపోతే యెస్ ఎందుకంటావు పెద్దమ్మా?"

"నో అంటే ఇంకేదో అడుగుతారుగా! నాకు సరిగ్గా కనిపించేది కుడి కన్నొక్కటే. దాన్ని కాస్తా కోస్తే నా బతుకేం గాను? అల్లుడు ఊళ్ళో లేడు, వెంట వచ్చే దిక్కు లేదు."

టీచరు చేతిలో గుడ్డ ఆగింది. మళ్ళీ కదిలింది. ఆ సాయంత్రం జరగాల్సిన పాఠం బస్సు ప్రయాణం. అది పక్కన పెట్టి, బోర్డు మీద ఒక ముఖం గీసింది, రెండు కళ్ళు గీసింది. ఒకదానికి టిక్కు, ఒకదానికి కొట్టివేత. క్లాసంతా ఒళ్ళంతటికీ పేర్లు నేర్చుకుంది. పెద్దమ్మ కూడా నేర్చుకుంది. ఏమడిగినా యెస్ అంది.

ఇంటికెళ్ళాక భర్తతో చెప్పింది.

"నోరు తెరిచి అడగొచ్చుగా," అన్నాడాయన, కంటికున్న భూతద్దం తీయకుండానే.

"మీకేం, తేలిగ్గా అంటారు. ఒక్కసారి తెలుగులో మాట్లాడానంటే ఇన్నేళ్ళ కష్టం మంటగలిసిపోదూ? ఇక ఒక్కళ్ళు ఇంగ్లీషు ముక్క పలకరు. నేర్పే తీరులో నేర్పితే ఆవిడే చెప్పుకోగలదు. చూస్తూ ఉండండి."

"కన్ను పెద్దదా, నీ పంతం పెద్దదా?"

ఆవిడ లేచి రేపటి సంచి సర్దుకుంది. ఆ రోజు మొదటిసారి వాళ్ళిద్దరూ నిజంగానే మాట్లాడుకోలేదు.

మంగళవారం టీచరు తెల్లకోటు వేసుకుని డాక్టరయింది. పెద్దమ్మని ఎదురుగా కూర్చోబెట్టి, గోడ మీద కొత్తగా అంటించిన 'నో, దిస్ వన్' అన్న కాగితం చూపించి, బొమ్మ కళ్ళు ముట్టుకుంటూ అడిగింది. పెద్దమ్మ యెస్ అంది. టీచరు సంచిలోంచి బొమ్మ రంపం తీసి, పెద్దమ్మ మోకాలి మీద ఆనించి, కాలు తీసేయమంటారా అని ఇంగ్లీషులో అడిగింది. "యెస్, థాంక్యూ," అంది పెద్దమ్మ మర్యాదగా. క్లాసు కడుపుబ్బ నవ్వింది. టీచరు నవ్వలేదు. పాఠం అయ్యాక బుల్లి కుర్చీలు సర్దుతూ, అన్నీ సర్దిన తరువాత మళ్ళీ మొదటినుంచి సర్దింది.

బుధవారం పెద్దమ్మ అందరికంటే ముందే వచ్చింది. కుర్చీలో కాదు, టీచరు బల్ల ముందే నిలబడింది. బావ వైపు తల తిప్పింది గానీ, బావ అప్పటికింకా మెట్ల మీదే ఉన్నాడు.

"రేపేనయ్యా," అంది ఎవరితోనో. గొంతులో మామూలు పెళుసు లేదు. "మనవరాలి జుట్టు దువ్వేది నేనే. ఉన్న కన్నూ పోతే ఎలాగో."

టీచరు సుద్దముక్క కింద పెట్టేసింది.

"పెద్దమ్మా," అంది తెలుగులో. "రేపు ఎన్నింటికి రమ్మన్నారు? నేను వస్తాను. ఏ కంటికో నేను చెబుతాను."

అప్పుడే లోపలికి వచ్చిన బావ గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనకాల వస్తున్నవాళ్ళు ఒకరికొకరు తగులుకున్నారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. అది చూసి టీచరే ఆశ్చర్యపోయింది.

"ఇప్పటికి అడిగావా తల్లీ!" అంది పెద్దమ్మ. "సోమవారం నుంచీ నీకు వినపడాలనే గొంతు చించుకుంటున్నాను గదమ్మా. నువ్వేమో కాళ్ళు కోస్తానంటావు!"

"అంటే... నాకు తెలుగు వచ్చని మీకు..."

"మొదటి నెల్లోనే తెలుసు టీచర్," అన్నాడు బావ. "నేనో జోకేస్తే మీరు బోర్డువైపు తిరిగిపోయారు. భుజాలు ఊగిపోయాయి. ఇక దాచేదేముంది?"

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మీరు తెలుగులో మాట్లాడేస్తారు. ఇక మాకు ఇంగ్లీషెలా వస్తుంది?" అన్నాడు బావ, అదేదో అందరికీ తెలిసిన విషయమే అన్నట్టు. "పైగా మీకు సుఖంగా ఉంది కదా అని. మాకేదన్నా కావాలంటే మాలో మేం అనుకున్నట్టు మీ చెవిన వేసేవాళ్ళం. మర్నాటికి పాఠం తయారు."

టీచరు తన బల్ల వెనక కూర్చుండిపోయింది. ఆవిడకి సిగ్గేసింది. మోసపోయినందుకు కాదు. వాళ్ళు కుళాయి అడిగితే మర్నాటికి కుళాయి తెచ్చింది, కన్ను అడిగితే రెండు రోజులు తన పద్ధతిని కాపాడుకుంది. ఆ రెండు రాత్రులూ భయంతో ముసలావిడకి నిద్ర పట్టి ఉండదు. "తప్పు నాదే పెద్దమ్మా," అంది. "సోమవారమే అడగాల్సింది."

"అడగాల్సింది," అని ఒప్పుకుంది పెద్దమ్మ. ఊరడించే మనిషి కాదావిడ. "సరే, రేపు పొద్దున్నే రా. వచ్చి పక్కన నిలబడు, చాలు. నువ్వు చెప్పేస్తే ఎల్లుండి మందులషాపులో నాకెవరు చెబుతారు? ఆ రంపం తీసేసి, నో అనడం నేర్పించు. ఊరికే కాదు, గట్టిగా."

ఆ సాయంత్రం క్లాసంతా డాక్టర్లయ్యారు. ఒకరి తరవాత ఒకరు వచ్చి పెద్దమ్మ తప్పుడు కన్ను ముట్టుకున్నారు. బావ అయితే ముఖం సీరియస్‌గా పెట్టి, ముక్కు కోస్తానని బెదిరించాడు. మొదట్లో యెస్‌లే వచ్చాయి. తరువాత నో అని సణుగుడు వచ్చింది. చివరికి కింద టైర్ల దుకాణం అతను పైకి వచ్చి ఏమైందని అడిగేటంత గట్టిగా వచ్చింది. అతనికి కూడా నో అనే చెప్పింది.

గురువారం పొద్దున ఆస్పత్రి గదిలో పెద్దమ్మ బల్ల మీద పడుకుంది. టీచరు గోడ పక్కన నిలబడింది. నర్సు వచ్చి పెన్ను మూత తీసి, కుడి కనుబొమ్మ పైన వేలు పెట్టి, ఇదేనా అన్నట్టు ఏదో అడిగింది. పెద్దమ్మ పెదాల మీదికి యెస్ రావడం టీచరు చూసింది. మాట రాకముందే పెద్దమ్మ పెదాలు కదిలాయి, అలవాటుగా. ప్రశ్న వేశాక ఆగడం ఇంత కష్టమని టీచరుకి ఎప్పుడూ తెలియలేదు.

పెద్దమ్మ నర్సు మణికట్టు పట్టుకుంది.

"నో," అంది. "దిస్ వన్ గుడ్. దట్ వన్ బ్యాడ్. స్టాప్."

నర్సు ఆగి డాక్టర్ని పిలిచింది. డాక్టరు వచ్చి, ముసలావిడనీ పెన్నునీ చూసి, చివరికి టీచరు వైపు తిరిగి, మీకు ఈమె భాష వచ్చా, కాస్త సరిగ్గా కనుక్కుని చెప్పండి అని ఇంగ్లీషులో అడిగాడు. టీచరు నోరు తెరిచింది.

"షీ నో తెలుగు," అంది పెద్దమ్మ, మోచేత్తో ఆవిణ్ణి వెనక్కి నెట్టి. "డాక్టర్, ఆస్క్ మీ."

డాక్టరు కుర్చీ లాక్కుని పెద్దమ్మ ఎదురుగా కూర్చున్నాడు. టీచరు గోడవైపు తిరిగిపోయింది. భుజాలు ఊగాయి. ఈసారి నవ్వుతో కాదు. పెద్దమ్మ అటు చూడలేదు. ఆవిడ జవాబు చెప్పే పనిలో ఉంది.