సుగుణక్క తీయించిన సింహం

మిరపకాయ బజ్జీలు కట్టిన పత్రిక ముక్క నుంచి నూనె, సిరా కలిసిన వాసన వచ్చిందంటే నాకు సుగుణక్క గుర్తొస్తుంది. వెంటనే ఒళ్ళు మండుతుంది. అక్క జనగామలో జూనియర్ కాలేజీ పిల్లలకు తెలుగు చెప్పేది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆదివారాలు ఒక ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని, ఆన్‌లైన్ తెలుగు విజ్ఞాన సర్వస్వంలో కొత్తగా రాసేవాళ్ళ వ్యాసాలు చదివి తప్పులు చెప్పేది. బజ్జీలు అయిపోయాక పొట్లం కాగితాన్ని కూడా విప్పి, "గీ ముచ్చట యాడికెళ్ళి తెచ్చిన్రు?" అని దాన్నే నిలదీసేది. పనికిరాని వాక్యాన్ని మాత్రం తను ముట్టుకునేది కాదు. రాసినవాడి వేలితోనే డిలీట్ కొట్టించేది.

నేను కొడకండ్ల నుంచి వెళ్ళేవాణ్ణి. మా కుంటలోని చేప ఒకటి ఎగిరి బస్సెక్కిందని కండక్టరునే నమ్మించిన ఘనత నాది. అలాంటి నేను ఒక ఆదివారం నిజం మోసుకెళ్ళాను. మహబూబాబాద్ రాస్తారోకోలో, గూడూరు దగ్గరి తండాకు చెందిన నా దోస్తు బాలుకు లాఠీ దెబ్బ తగిలి ఎడమ కన్ను పోయింది. నేను పక్కనే ఉన్నాను. మర్నాడు ఒక పెద్ద పత్రిక, తొక్కిసలాటలో కింద పడ్డాడని రాసింది. ఆ మంటలో రాస్తారోకో గురించిన పేజీలో నేను రాశాను: "ఆకాశం దద్దరిల్లేలా సింహంలా గర్జించిన బాలు..."

"ఆకాశాన్ని తీసెయ్. సింహాన్ని గూడ," అంది అక్క.

"సింహం లేకుంటే ఇంకేముంటదక్కా?"

"బాలు ఉంటడు. లాఠీతోని కొట్టిన్రని యాడ అచ్చయింది?"

"నా కండ్లతోని చూసిన!"

"నేను నమ్ముత. పేజీకి ఆధారం కావాలె."

"అబద్ధం అచ్చయితె చెల్లుతది, నిజం చెల్లదా? నువ్వెవరి దిక్కక్కా?"

సెంటరంతా మా వైపు తిరిగింది. అక్క మొహం కందిపోయింది. "నేను నోరు తెరిస్తె స్టాఫ్ రూంల ఆంధ్రోళ్ళు నవ్వుతరు. నాకు కోపం లేదనుకుంటున్నవా? నీ సింహాన్ని చూపెట్టి, గివన్నీ కథలని ఎవడో మొత్తం పేజీ లేపేస్తడు. గప్పుడు బాలు కన్ను గూడ కథైతది. కొట్టు."

కొట్టాను, కీబోర్డు పగిలిపోవాలన్నంత గట్టిగా. బాలు గురించి చివరికి మిగిలింది ఒక్కటే వాక్యం: రాస్తారోకోలో పలువురు గాయపడ్డారు.

తర్వాత బాలునే అక్కడికి తీసుకెళ్ళాను. వాడు తెర మీదికి వంగి, ఉన్న ఒక్క కంటితో వెతికాడు. "నేనేడున్ననే అన్నా?"

"పలువురిల ఉన్నవురా."

వాడు నవ్వాడు. అక్క నవ్వలేదు. సంచి భుజాన వేసుకుని, "నడువుండ్రి," అంది.

భూపాలపల్లిలో ఒక చిన్న పక్షపత్రిక ఉండేది. అక్క మమ్మల్ని బస్సెక్కించి, చెల్పూర్ కరెంటు కేంద్రం పొగగొట్టాలు దాటించి అక్కడికి తీసుకెళ్ళింది. ఆ పత్రిక సంపాదకుడి ముందు నేను "సార్, వేలమంది పోలీసులు..." అని ఎత్తుకోగానే, అక్క నా భుజం గిల్లి, "నువ్వు పోయి చాయ్ తాగిరా," అని బయటికి తోలింది. గుమ్మం దగ్గరే నిలబడి విన్నాను. "రోడ్డు మీద కూసున్న సార్. లేవుమన్నరు. లేవలే. కొట్టిన్రు," అన్నాడు బాలు. అంతే. ఆ సంపాదకుడు దవాఖానకు పోయి డాక్టరును కూడా అడిగి, అచ్చువేశాడు.

అప్పుడు పేజీలోకి బాలు కన్ను ఎక్కింది, కింద ఆ పత్రిక పేరుతో సహా. కానీ అక్క పెద్ద పత్రిక రాసిన అబద్ధాన్ని కూడా పక్కనే పెట్టించింది, దాని పేరుతోనే! నేను మళ్ళీ మండిపడ్డాను. "ఉండనియ్. గట్ల రాసింది ఎవరో లోకానికి తెల్వాలె," అంది. ఆ రెండు వాక్యాలు ఒకదాని పక్కన ఒకటి చదివినప్పుడల్లా ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను.

అక్క పోయింది. కొత్తవాళ్ళ రాతలు ఇప్పుడు నేను చూస్తున్నాను. వాళ్ళ సింహాలను, ఏనుగులను వాళ్ళ చేతే తీయిస్తాను, తిట్లు తింటాను. కోపం తగ్గించుకోమని మాత్రం ఎవరికీ చెప్పను. అక్క నాకెన్నడూ ఆ మాట చెప్పలేదు.