విలాసిని చేచి వాకిట్లో కుమ్మరించిన మూట

పాల కవరు అందుకోగానే ముక్కు దగ్గర పెట్టుకునేది విలాసిని చేచి. చేచి అంటే మా వైపు అక్క. కాస్త వాసన తగిలిందా, ఆ ఇల్లాలి పని అయిపోయినట్టే. "కడిగావా, పిల్లి చేత నాకించావా?" అని వీధంతా వినబడేలా అడిగేది. "మా ఇంట్లో ప్లాస్టిక్ లేదు" అని తలుపు వేసుకోబోయేవాళ్ళని "మరి చేపలు సముద్రం నుంచి నడుచుకుంటూ వచ్చాయా?" అని ఆపేది. ఆవిడ పక్కన గోనెసంచి పట్టుకుని నిలబడేదాన్ని నేను, షీజని. ఇద్దరం కార్పొరేషన్ వాళ్ళిచ్చిన పచ్చకోట్లు వేసుకుని నెలకోసారి ఇంటింటికీ తిరిగి, కడిగి ఆరబెట్టిన ప్లాస్టిక్ పోగుచేస్తాం.

చేచి ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో జీడిగింజలు కొట్టింది. ఆ జీడికి నల్లబడిన వేళ్ళు ఇప్పటికీ తెల్లబడలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ పనిలో చేరితే, మొదట్లో మమ్మల్ని "చెత్తా" అనే పిలిచేవాళ్ళు. మా బండి కనబడగానే కుక్కని వదిలిన ఇల్లు కూడా ఉంది. అలాంటి వార్డులో రెండేళ్ళు తిరిగేసరికి ప్రతి దండెం మీదా బట్టల పక్కన పాల కవర్లు క్లిప్పులతో ఆరుతూ కనబడ్డాయంటే, అది చేచి నోటి పుణ్యమే.

కాదు, అందులో సగం భార్గవి టీచర్ పుణ్యం. చేచికి నాలుగో తరగతిలో పాఠం చెప్పిన మనిషి. రిటైరై ఒంటరిగా ఉంటోంది. గంజి పెట్టిన నేతచీర నలగకుండా గేటు దాకా వచ్చి, కవర్లన్నీ సైజుల వారీగా మడిచి దారంతో కట్టి ఇచ్చేది. "ఒసే విలాసినీ, లెక్కల్లో ఎలాగూ తప్పావు, ఇందులోనైనా పాసవ్వు" అనేది. చేచి ఆ కట్టని పక్కింట్లో చూపించేది. "డెబ్బై ఆరేళ్ళ మనిషి చేసింది. మీ మోకాళ్ళకేమొచ్చింది?" అని నిలదీసేది. అలా ఒక్కొక్క ఇల్లూ మా దారికొచ్చింది.

ఒకసారి టీచర్ గొంతు తగ్గించి అడిగింది. "మీ జాబితాలో లేనివి కొన్ని ఉంటాయి కదే... ఈ డైపర్లూ అవీ. వాటినేం చెయ్యాలి?"

"అవి మేం తీసుకోం టీచర్. ఎవరివి వాళ్ళే చూసుకోవాలి." చేచి పెద్దగా నవ్వేసింది. "అయినా మీకెందుకు? ఇంట్లో ఉయ్యాల గానీ వేశారా?"

నేనూ నవ్వాను. టీచర్ కూడా నవ్వినట్టే ఉంది. అప్పుడు సరిగ్గా చూడలేదు.

ఆ వానాకాలం కాలువలో ఒక మూట తేలింది. మా వార్డులో దానికో పద్ధతి ఉంది, పెట్టింది చేచే. ఎవరో పారేసిన మూట దొరికితే అందులో బిల్లో చిరునామానో వెతికి, పదిమందీ మోసుకెళ్ళి వాళ్ళ వాకిట్లోనే కుమ్మరించాలి. వీడియో తీసి వార్డు గ్రూపులో పెట్టాలి. ఈ మూటకి వెతికే పనే లేకపోయింది. మూతి విప్పగానే పైన మందుల షాపు కవరు, దాని మీద భార్గవి టీచర్ పేరు.

చేచి ముఖం మాడిపోయింది. "ఊరందరికీ ఈవిణ్ణే చూపించి నేర్పాను కదా! ఇప్పుడు నేను ఏ ముఖం పెట్టుకుని తిరగాలి?"

"పెద్దావిడ చేచీ. ముందు నువ్వొక్కదానివే వెళ్ళి అడుగు," అన్నాడు టీకొట్టు సుగతన్.

"టీచరైతే కొమ్ములొచ్చాయా? అందరికీ ఒకటే రూలు."

నేను ఫోన్ తీశాను. ఎవరూ చెప్పకముందే తీశాను.

టీచర్ వాకిట్లో మూట తిరగేశారు. పడినవన్నీ పెద్దవాళ్ళ డైపర్లు. ఒక్కొక్కటీ చుట్టి, టేపు వేసి, పేపర్లో పొట్లం కట్టినవి. కాలువ నీళ్ళకి నాని పొట్లాలు విడిపోయాయి.

"ఎవరివి టీచర్ ఇవి?" అని చేచి అడగనే అడిగింది. అడుగుతుండగానే అర్థమైనట్టుంది, చివరి మాట సరిగ్గా పలకలేదు.

"నావే," అంది టీచర్ మెట్టు మీద నిలబడి. "కాల్చే చోటికి చేరుస్తానని ఒక ఆటో అతను పట్టుకెళ్తున్నాడు. కాలువలో వేస్తున్నాడని నాకు తెలీదు."

టీచర్ కిందికి దిగి, వంగి, ఒట్టి చేతులతో ఒక్కొక్కటీ ఏరి సంచిలో వెయ్యడం మొదలుపెట్టింది. చేచి గబుక్కున కూలబడి చెయ్యి చాపింది.

"వద్దు," అంది టీచర్. "మీరు తాకకండి."

నలభై ఏళ్ళకు పైగా 'ఒసే' అని పిలిచిన నోరు అది. చేచి చాపిన చెయ్యి వెనక్కి తీసుకోవడం కూడా మర్చిపోయింది. అప్పటికే గ్రూపులో పెట్టేసిన వీడియోని నేను చెరిపేసేసరికే తొంభై మందికి పైగా చూసేశారు.

మర్నాడు ఇద్దరం క్షమాపణ అడగడానికి వెళ్ళాం. టీచర్ కుర్చీలు వేసింది. సాసర్లో కప్పు పెట్టి టీ ఇచ్చింది. చేచి ఏడుస్తూ "ఒక్క దెబ్బ కొట్టండి టీచర్" అంటే, "అయ్యో, మీ డ్యూటీ మీరు చేశారు. టీ చల్లారిపోతుంది, తాగండి" అంది.

తర్వాత చేచి కార్పొరేషన్ ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. ఇప్పుడు బుధవారం బుధవారం డైపర్లకి వేరే బండి వస్తోంది. వచ్చాక తెలిసింది, మా వార్డులోనే పదకొండు ఇళ్ళలో ఆ అవసరం ఉందని. ఇన్నాళ్ళూ ఒక్కరూ నోరు విప్పలేదు. మా నవ్వు చూసి ఎవరు విప్పుతారు? చేచికి శాలువా కప్పుతామని వార్డు సభకి పిలిచారు. ఆ రోజు తలనొప్పని ఇంట్లోనే పడుకుంది. కవర్లు వాసన చూడటం ఎప్పుడో మానేసింది.

టీచర్ మాత్రం ఒక్క నెలా తప్పలేదు. కడిగి, ఆరబెట్టి, కట్టకట్టి తెస్తుంది. చేచి చూడకుండా సంచిలో వేసుకోబోతే ఆపుతుంది.

"విప్పి చూసుకోండి. ఇంకేమైనా ఉందేమో."

చేచి ఆ నల్లటి వేళ్ళతో దారం విప్పుతుంది. ఒక్కొక్క కవరూ తీసి చూస్తుంది. చూడనిదే టీచర్ గేటు వెయ్యదు. ఫోన్ ఇంటి దగ్గరే వదిలేసి వచ్చి నేను రోడ్డు మీద నిలబడతాను.