ఆవిడ రాయని డైలాగు

మా డాక్టరమ్మగారు పోయారు. కబురు వచ్చేసరికి నేను వరండాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తున్నాను. చేతులు భగభగమంటుంటే మణికట్టుతో ఫోను నొక్కి, చెవినే దాని మీదికి వంచాను. "నేనమ్మా, ఫ్యాను డాక్టర్ని" అన్నాడు అవతలి మనిషి. ఆయన ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడు. అయినా నా దగ్గర మాత్రం ఆ పేరే చెప్పుకుంటాడు. అదెలా వచ్చిందో కాసేపట్లో చెప్తాను. "మేడమ్ పొద్దున్నే వెళ్ళిపోయారమ్మా, నిద్రలోనే" అన్నాడు.  కళ్ళు తుడుచుకుందామంటే వేళ్ళ నిండా కారం. చేతులు కడుక్కుని వచ్చి తాపీగా కూర్చుని ఏడ్చాను.

మీలో ఆవిడ దగ్గర పురుడు పోసుకున్నవాళ్ళూ, ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళూ చాలామంది ఉంటారు. వాళ్ళు చెప్పుకోవాల్సింది వాళ్ళు చెప్పుకుంటారు. నాకు తెలిసిన డాక్టరమ్మగారు వేరు. ఆవిడ డాక్టర్లకి చదువు చెప్తుంటే పక్కన నిలబడి చూసినదాన్ని నేను. నా చదువు ఏడో తరగతి. నా బతుకుతెరువు పరిషత్తు నాటకాలు. డాక్టర్ల బడిలో నాటకాలదానికేం పని అంటారేమో. మొదటిరోజు నేనూ అదే అడిగాను. ఇవాళ ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి నేను బతికి ఉన్నానంటే ఆ బడి చలవే.

పెదకాకానిలో ఒకసారి నాటకం ఆడాం. నాది నిండు నెలల గర్భిణి వేషం. అయిపోయాక రంగు తుడుచుకుంటుంటే ఒకావిడ తెర వెనక్కి వచ్చారు. నేత చీర, మగవాళ్ళు పెట్టుకునేంత పెద్ద వాచీ. బాగా చేశావనలేదు, భుజం తట్టలేదు. నొప్పులొచ్చినప్పుడు చెయ్యి పొట్ట మీద కాకుండా నడుం మీద ఎందుకు వేశావని అడిగారు. మా అక్క కాన్పప్పుడు చూశానండీ, నొప్పి నడుంలోనే మొదలవుద్దని అంది అన్నాను. ఇంకేమంది మీ అక్క అంటూ అక్కడున్న ట్రంకుపెట్టె మీద కూర్చున్నారు. ఇంక ప్రశ్న మీద ప్రశ్న. చివరికి నేనే విసుగొచ్చి, తమరెవరండీ, మీకేం కావాలండీ అన్నాను.

"నాకో రోగి కావాలి. రోగం ఉండకూడదు. ఉన్నట్టు చెప్పగలగాలి" అన్నారు.

ఆవిడ పెట్టిన బడి తమాషాగా ఉండేది. అప్పుడప్పుడే సీడీలు వస్తున్న రోజులు. పల్లెటూరి ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లు రోగులని వదిలేసి నెలల తరబడి గుంటూరులో కూర్చుని చదవలేరు. అందుకని పాఠం పుస్తకంగా పోస్టులో వాళ్ళ దగ్గరికే వెళ్ళేది, దానికి తోడు ఒక సీడీ. వారానికొక సాయంత్రం డాక్టరమ్మగారు ఫోను పక్కన కూర్చుంటే, వాళ్ళు తమ ఊళ్ళ నుంచి అనుమానాలు అడిగేవాళ్ళు. లైను సరిగ్గా ఉండేది కాదు, అరిచి అడగాలి. ఎస్టీడీ బూత్‌లో నిలబడి ఈ బూతులేంటని బయట జనం తొంగిచూసేవాళ్ళట. నెలకోసారి, రెండో శనివారం, అందరూ గుంటూరు వచ్చి క్లాసులో కూర్చునేవాళ్ళు. సగం చదువు ఇంటి దగ్గర, సగం చదువు ఎదురుబొదురుగా. సీడీలో రోగిని నేనే, క్లాసులోనూ నేనే.

ఆ సీడీలు తీసిందెవరనుకున్నారు? పెళ్ళి వీడియోలు తీసే ఆయన. మొదటి పాఠంలో నేను నడుము పట్టుకుని డాక్టరు గదిలోకి వస్తుంటే నా చుట్టూ గులాబీ రేకులు రాలాయి. ఈ పూలెందుకు బాబూ అని డాక్టరమ్మగారు నిజంగానే తెలుసుకుందామని అడిగారు. అమ్మాయి లోపలికొస్తే పూలు వెయ్యడం అలవాటైపోయిందండీ అన్నాడాయన. ఆవిడ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, తీసెయ్యమన్నారు.

ఇంతకీ పాఠాలు దేని గురించంటే, ముట్టు, కడుపు, పిల్లలు పుట్టకపోవడం, వద్దనుకోవడం, సుఖవ్యాధులు, మొగుడూ పెళ్ళాల పడక సంగతులు. వీళ్ళంతా వీటిని ఇంగ్లీషులో చదివి పాసైనవాళ్ళే. తెలుగులో నోరు తెరిచి ఒక ఆడమనిషిని అడగాలంటే మాత్రం చెమటలు పట్టేవి. కొత్తపట్నం దగ్గర పనిచేసే కుర్ర డాక్టరు ఒకాయన, ఆ సంగతులు అడిగినంతసేపూ నెత్తి మీద తిరిగే ఫ్యానునే చూసేవాడు. "తెల్లబట్ట అవుతున్నది ఫ్యానుకా నాయనా?" అని డాక్టరమ్మగారు అన్న రోజు నుంచి ఆయన ఫ్యాను డాక్టరయ్యాడు.

ఆయనే ఇంకోసారి గొంతు సవరించుకుని, మీకు ఇంటర్‌కోర్సులో నొప్పి ఏమైనా ఉంటుందా అన్నాడు. నేను పల్లెటూరి రోగిని కదా, వేషం వదలకుండా, "మాకు ఇంటర్ కోర్సు ఎక్కడిదండీ, మా అయ్య ఏడుతోనే మానిపించాడు" అన్నాను. క్లాసు గొల్లుమంది. డాక్టరమ్మగారు మాత్రం నవ్వలేదు. మరి మీ ఊళ్ళో ఆడవాళ్ళు దాన్ని ఏమంటారని ఆయన్ని అడిగారు. తెలీదండీ అన్నాడు. అయితే వచ్చే నెలకి అదే మీ అందరి పాఠం, తెలుసుకుని రండి అన్నారు. ఒకరు 'సంసారం చేసినప్పుడు' అని తెచ్చారు, ఒకరు 'కలిసినప్పుడు' అని, ఒకరు 'ఆయన దగ్గరికొచ్చినప్పుడు' అని. ఆవిడ ఒక్కో మాటా రెండేసిసార్లు పైకి అనుకుని చూసుకున్నారు. ఇదెక్కడ విన్నావు, ఎవరన్నారు, ముసలివాళ్ళూ ఇలాగే అంటారా అని ఆ పూటంతా అదే గోల.

ఇంకొక డాక్టరు ఇంట్లో హాల్లో సీడీ వేసుకున్నాడట. అత్తగారు కాఫీ ఇవ్వడానికొచ్చి అక్కడే చతికిలబడి పాఠం మొత్తం చూసిందట. నా పరువు పోయింది మేడమ్ అని ఆయన మొత్తుకుంటుంటే, ఆవిడేమన్నారని డాక్టరమ్మగారు అడిగారు. ఏమీ అనలేదండీ, ఇంకోసారి వెయ్యమన్నారు అన్నాడు. ఎందుకు వెయ్యమన్నారో అడిగావా? అడగలేదు. అయితే ఇంటికెళ్ళి అడుగు అన్నారు. అడిగాడు. గర్భసంచి జారి ఏళ్ళ తరబడి ఆవిడ అవస్థ పడుతోందని అప్పుడు బయటపడింది. డాక్టరు అల్లుడు ఒకే ఇంట్లో ఉన్నా ఆ సంగతి ఎవరికీ తెలీదు.

'అడుగు. అడిగి నోరు మూసుకో' అనేది డాక్టరమ్మగారి మాట. ప్రశ్న వేసి జవాబు కూడా డాక్టర్లే అందించేస్తారని ఆవిడ బాధ. ఎవరైనా రోగి నడత గురించి మూతి విరిస్తే, తీర్పు చెప్పడానికి కోర్టుంది, మనది ఆసుపత్రి అనేవారు. మధ్యాహ్నం టీ వేళకి మిరపకాయ బజ్జీలు తెప్పించి, గింజలు తియ్యకుండా తినేవారు. ఎవరినైనా కష్టమైన ప్రశ్న అడిగినప్పుడు కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుస్తూ కూర్చునేవారు. జోడు లేకపోతే ఆవిడకి మూరెడు దూరం కూడా ఆనదు. గుంటూరు దుమ్ము అనుకునేదాన్ని నేను.

ఇక నా సంగతి. నాకు చిన్నవయసులోనే పెళ్ళయింది, చిన్నవయసులోనే భర్త పోయాడు. నాటకాల్లోకి వచ్చాక మా ట్రూపు హార్మోనిస్టుకీ నాకూ మనసులు కలిశాయి. ఆయన సాయిబు. వాళ్ళింట్లో ఒప్పుకోలేదు, మా తమ్ముడైతే నా గుమ్మం తొక్కనన్నాడు. నల్లపాడు స్టేషను దగ్గర పక్కపక్క గదులు రెండు అద్దెకి తీసుకున్నాం. లోకం కోసం రెండు తలుపులు, లోపల ఒకటే పొయ్యి. నలుగురిలో ఆయన్ని నేను హార్మోనిస్టు అనేదాన్ని, నన్ను ఆయన ఆర్టిస్టు అనేవాడు. అలాగే గడిచిపోయింది.

నలభై దాటాక నాకొక బాధ పట్టుకుంది. మేం కలిసిన రోజు ఎరుపు కనపడేది. హార్మోనిస్టు భయపడి పోరగా పోరగా ఒక డాక్టరు దగ్గరికి వెళ్ళాను. భర్త ఉన్నాడా అన్నాడు. లేడన్నాను. ఏం చేస్తుంటావన్నాడు. నాటకాలన్నాను. ఆయన కాంపౌండరు వంక చూసి ఒక నవ్వు నవ్వాడు.  తలనొప్పని చెప్పి మాత్రలు రాయించుకుని వచ్చేశాను. చస్తే చస్తానుగానీ ఈ సంగతి ఇంకెవరికీ చెప్పనని నిశ్చయించుకున్నాను. ఇదంతా నేను డాక్టర్ల ముందు నెలకో రోగం నటిస్తున్న రోజుల్లోనే. నవ్వొస్తుందా? నాకూ వస్తుంది ఇప్పుడు.

ఒక రెండో శనివారం నాకు తెల్లబట్ట రోగి వేషం ఇచ్చారు. ఎదురుగా ఫ్యాను డాక్టరు. రాసిచ్చిన దానికి సొంతంగా ఒక ముక్క కలిపితేగానీ మా నాటకాలవాళ్ళకి వేషం నిండదు. ఆ రోజు నోరు జారిందో, మనసే జారిందో, "కలిసిన రోజు ఎర్రగా కూడా కనపడుద్దండీ" అనేశాను. ఆయన ఫ్యాను వైపు చూస్తూ, ఒంట్లో రక్తం తగ్గింది, ఐరన్ మాత్రలు వాడమన్నాడు. ఇంకొకరి వంతు వచ్చింది. క్లాసు నడుస్తూనే ఉంది. డాక్టరమ్మగారు మాత్రం నన్నే చూస్తున్నారు.

అందరూ భోజనాలకి లేచాక నన్ను ఉండమన్నారు. తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నారు.

"ఆ డైలాగు నేను రాయలేదే. ఎక్కడిది?"

ఊరికే కలిపానండీ అన్నాను. కలిపితే బాగుంది, ఎవరి దగ్గర విన్నావు అన్నారు. ఎవరో అన్నారండీ, గుర్తులేదు అన్నాను. ఆవిడ ఇంకేమీ అడగలేదు. జోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. అలా తుడుస్తూనే, "ఇప్పుడు నీ మొహం నాకు కనపడదు" అన్నారు.

అప్పుడు తెలిసింది ఆ అద్దాలకి దుమ్మేమీ లేదని. అన్నీ చెప్పేశాను. భర్త లేనిదాన్ననీ, ఆ బాధ నాదేననీ, నాతో ఉండేది ఎవరో, ఆయన ఎవరి బిడ్డో, అన్నీ.  ఆ నవ్వు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాను. ఆవిడ అడిగిందల్లా ఎన్నాళ్ళ నుంచి, నొప్పి ఉందా, వాసన ఉందా అని. ఆఖరున, ఆయన నిన్ను బాగా చూసుకుంటాడా అన్నారు. చూసుకుంటాడండీ అన్నాను. జోడు పెట్టుకుని, పద, పరీక్ష చేద్దాం అన్నారు. ఆ పూట ఆవిడ భోజనం చెయ్యలేదు.

గర్భసంచి మూతి దగ్గర పుండు. ముక్క తీసి పరీక్షకి పంపితే క్యాన్సరని వచ్చింది. మొదట్లోనే దొరికింది, ఇప్పుడు తీసేస్తే నిక్షేపంలా బతుకుతావు, తాత్సారం చేస్తే నా చేతుల్లో ఉండదు అన్నారు. తీసేశారు. బతికాను.

కోలుకున్నాక ఒకరోజు పిలిచి, నీకిష్టమైతే ఆ డైలాగు పాఠంలో పెడదాం, వద్దంటే వద్దు అన్నారు. నేను ఇష్టంగానే ఒప్పుకున్నాను. సీడీలో డాక్టరుగా ఫ్యాను డాక్టర్నే కూర్చోబెట్టారు. ఈసారి ఆయన నా మొహమే చూశాడు. మీ భర్త అనకుండా, ఇంట్లో మీతో ఎవరుంటారమ్మా అన్నాడు. అడిగి ఊరుకున్నాడు. ఆ సీడీ ఏయే ఊళ్ళు తిరిగిందో, ఆ ప్రశ్న విని ఎందరు నోరు విప్పారో నాకు తెలీదు. వాళ్ళలో ఒక్కరినైనా కలిసి, మీరేం చెప్పారండీ అని అడగాలని ఇప్పటికీ ఉంటుంది. ఈ అడిగే జబ్బు ఆవిడ దగ్గరే అంటింది నాకు.

ఆవిడ పోయారనగానే మాత్రం నాకు ఆపరేషన్ రోజే కళ్ళముందుకొచ్చింది. నిజానికి నేను చూసింది కాదు, మత్తులో ఉన్నాను. హార్మోనిస్టు చెప్తే విన్నది. నా ఆపరేషన్ కబురు తెలిసి ఎన్నో ఏళ్ళ తర్వాత మా తమ్ముడు వచ్చాడు. వచ్చి థియేటరు తలుపు ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు. అది చూసి హార్మోనిస్టు వరండా చివరికి వెళ్ళిపోయి, ఇంకెవరి కోసమో వచ్చినట్టు నిలబడ్డాడట. కాసేపటికి నర్సు తలుపు తీసి, పేషెంటు తాలూకు ఎవరండీ అని కేకేసింది. తమ్ముడు లేచాడు. ఈయన కదల్లేదు. నేనేం తాలూకని లేవను అనిపించిందట. నర్సు వెనకే డాక్టరమ్మగారు బయటికొచ్చారు. తమ్ముడితో, ఒక్క నిమిషం కూర్చో బాబూ అని, వరండా పొడుగునా నడుచుకుంటూ ఈయన దగ్గరికొచ్చి ఆగారు.

"మీ ఆవిడకి ఏం భయం లేదండీ. సాయంత్రానికి మాట్లాడుతుంది."

ఎవరితో అంటున్నారా అని ఈయన వెనక్కి తిరిగి చూశాడట. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.