తుకారాం సారు అందాజ

ఫ్యాక్టరీకి పోయే చెరుకుబండి బోధన్ బడి ముందు ఆగిందంటే లెక్కల సారు తుకారాంకు పండగే. అందాజ చెప్పనిదే ఎవరినీ లెక్క చెయ్యనివ్వడు. ఆ రోజూ ముక్కుమీదికి జారిన కళ్లద్దాలతో, చొక్కానిండా సుద్దపొడితో కిటికీలోంచి వంగి, "ఎన్ని కట్టలే పోశన్నా?" అని అరిచాడు. "నలభై ఎనిమిది సార్! కట్టకు పందొమ్మిది కిలోలు!" అన్నాడు బండి తోలే పోశన్న. సారు రెండింటినీ దగ్గరి పదులకు సవరించి, బోర్డుమీద యాభై ఇంటూ ఇరవై వేసి, "సక్కగ టన్ను!" అని చిటికె వేశాడు. ఇరవై ఏళ్లుగా ఆ చిటికెకు ఎదురు చెప్పినవాళ్లు లేరు. ఏడో తరగతి గోదావరి లేచి నిలబడింది. "రెండూ పెంచినం గద సార్! టన్నుకు తక్కువనే ఉంటది." సారు గబగబా గుణించాడు. తొమ్మిది వందల పన్నెండు! సుద్దముక్క ఆమె చేతిలో పెట్టి, "ఇగ నువ్వు చెప్పు బిడ్డా!" అంటూ ఉరికిపోయి ఆమె బెంచీమీద చేతులు కట్టుకుని కూర్చున్నాడు.