సున్నుండ ఎర్రబడిన రోజు

ఇవాళ చారులోకి మిరియాలు దంచుతుంటే, పక్కనే కోసిపెట్టిన మామిడికాయ సొన వాసన వచ్చి వాటితో కలిసింది. రోకలి చేతిలోనే ఆగిపోయింది. ఆ రెండు వాసనలూ కలిస్తే నాకు వంటిల్లు గుర్తురాదు, అన్నపూర్ణ మేడమ్ గుర్తొస్తారు.

తొంభైల చివర్లో విశాఖలో, పోలీసులు పట్టుకొచ్చిన గంజాయిని పరీక్షించే ల్యాబులో కొత్తగా చేరాను. కంచరపాలెంలో పుట్టి పెరిగిన అన్నపూర్ణ మేడమ్ మా పై అధికారి. కొత్తగా చేరిన ప్రతివాళ్ల కళ్లకూ గుడ్డ కట్టి, ముక్కు దగ్గర ఒక గిన్నె పెట్టడం ఆవిడ ఆనవాయితీ. నాకూ పెట్టారు. గంజాయేనని ఒట్టేసి మరీ చెప్పాను. తీరా గుడ్డ విప్పి చూస్తే దంచిన మిరియాలు, మామిడి సొన, నిమ్మతొక్క! తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గంజాయి వాసనంతా టెర్పీన్లనే నూనెలదని, అవి మామిడిలోనూ మిరియాల్లోనూ కూడా ఉంటాయని, మత్తెక్కించే కానబినాయిడ్‌కి వాసనే ఉండదని ఆ రోజే విడమరిచి చెప్పారు.

"ముక్కుని నమ్మి ఎవుడ్నీ జైల్లో ఎట్టకూడదమ్మా. రంగొస్తే వచ్చిందని రాయి. నేదంటే నేదని రాయి," అన్నారు.

గంజాయైతే, రసాయనం వేయగానే నమూనా ఎర్రబడాలి. ఆ తర్వాత మిగతా పరీక్షలు, ఆఖరున ఆవిడ సంతకం. ఆ సంతకంతో ఎవరో ఒకరు ఏళ్ల తరబడి జైలుకి పోయేవారు.

కొన్నేళ్లకి పోర్టులో క్రేన్ నడిపే మేడమ్ వాళ్లాయనకి క్యాన్సర్ వచ్చింది. ఆసుపత్రిలో మందు ఎక్కించుకొచ్చాక మంచినీళ్లు కూడా కడుపులో నిలిచేవి కావట. మేడమ్ కూడా సగమైపోయారు. అలాంటిది ఒకరోజు మొహం వెలిగిపోతూ వచ్చారు. భీమిలి నుంచి అత్తగారు వచ్చి సున్నుండలు చేసి పెడుతోందని, ఆయన ఆకలంటున్నాడని, చిన్నదానికీ పెద్దదానికీ నవ్వుతున్నాడని చెప్పారు. కన్నతల్లి చేతి చలవ అంటే అదేనని మేమంతా మురిసిపోయాం.

ఆ తర్వాతి వారమే, మధ్యాహ్నం భోజనాలయ్యాక, చిన్న పొడి ముద్ద తెచ్చి పరీక్ష చేయమన్నారు. నెయ్యి, యాలకుల వాసన తప్ప ఏమీ లేదు. ఇది పరీక్షకా, పలహారానికా అని వేళాకోళం ఆడాను. ఆవిడ నవ్వలేదు. రసాయనం వేశాను. ఎర్రబడింది. నమ్మకం కుదరక మళ్లీ చేశాను. మళ్లీ ఎరుపే.

"ఇది ఎక్కడ పట్టుకున్నారు మేడమ్?"

"మా ఇంట్లో."

గంజాయి ఆకుని నేతిలో వేయించి మినప్పిండిలో కలిపేసిందట ఆ ముసలావిడ. వేడి తగిలితేనే ఆకులో మత్తు మేలుకుంటుందని, అది నేతిలో కరుగుతుందని మాకు పాఠం చెప్పిన మనిషి పొయ్యి మీదే! వాళ్లాయన ఎర్రబడ్డ కళ్లు చూసి, అనుమానమొచ్చి నిలదీస్తే, అత్తగారు ఒక్కటే అందట: "అయ్యన్నీ నాకు తెల్దు. నా కొడుకు కూడు తింతన్నాడా నేదా, అది సెప్పు."

మూడో కంటికి తెలియకుండా పారబోసేస్తానన్నాను. ఆవిడ ఆ ఎరుపు మీంచి చూపు తిప్పకుండానే అన్నారు.

"నిన్న మారు అన్నం అడిగి ఎట్టించుకున్నాడమ్మా. మానిపించడం నా వల్ల కాదు. ఇంట్లో దాన్ని ఎట్టుకుని, ఇక్కడ ఇంకోడి మీద సంతకం ఎలా ఎట్టను?"

ఆ సాయంత్రమే రాజీనామా ఇచ్చేశారు. పెన్షన్ దగ్గరపడ్డ ఉద్యోగం! మతిపోయిందా ఈవిడకి అని ఆఫీసంతా నోళ్లు నొక్కుకుంది. నేను పెదవి విప్పలేదు. వానలు వెళ్లేలోపే ఆయన పోయారు. ఆఖరి వారం దాకా అన్నం తిన్నారని మేడమ్ చెప్పారు.

ఇప్పుడు ఆవిడ కుర్చీలో నేనున్నాను. కొత్తవాళ్ల కళ్లకి గుడ్డ కడతాను. ఎర్రబడితే ఎర్రబడిందనే రాస్తాను, ఆవిడ నేర్పింది అదే కదా. సంతకం మాత్రం ఒక పట్టాన పెట్టలేను. పట్టుబడ్డ ఈ మనిషి ఇంట్లో ఎవరు అన్నం మానేశారో అని చెయ్యి ఆగుతుంది.